‘సిన్స్ త్రీ ఇయర్స్’: మన ఇంగ్లీషు తప్పుల వెనక ఉన్న తెలుగు

తిరుపతి రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఏ లాడ్జి కౌంటర్ దగ్గర నిలబడినా ఒక ప్రశ్న చెవిన పడుతుంది: ‘హౌ మెనీ మెంబర్స్ సార్?’ వచ్చినవాళ్ళు పుణే వాళ్ళు కావచ్చు, కోయంబత్తూరు వాళ్ళు కావచ్చు. అందరినీ అడిగేది ఇదే. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకు ఈ ‘మెంబర్స్’ అన్న మాట ముల్లులా గుచ్చుకుంటుంది. మెంబర్ అంటే సంఘంలో సభ్యుడు కదా, గది కోసం వచ్చినవాళ్ళు దేనికి సభ్యులు? ‘హౌ మెనీ పీపుల్’ అనాలి.

నిజమే, అలాగే అనాలి. కానీ ఆ ‘మెంబర్స్’ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడి మీద చిరాకు పోతుంది. తెలుగులో వస్తువుల లెక్క వేరు, మనుషుల లెక్క వేరు. మూడు సంచులు, ముగ్గురు పిల్లలు. నాలుగు గదులు, నలుగురు మనుషులు. ‘నలుగురం వచ్చాం’ అంటే వచ్చింది మనుషులేనని ఆ అంకెలోనే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో గదులకైనా మనుషులకైనా ‘ఫోర్’ ఒక్కటే. తెలుగు చెవికి ఆ ఫోర్ బోసిగా, ఏదో తక్కువైనట్టు వినిపిస్తుంది. ఆ లోటు తీర్చడానికి వచ్చి కూర్చున్నదే ‘మెంబర్స్’. కుర్రాడు ఇంగ్లీషులో తప్పాడు గానీ, తెలుగులో ఉన్న ఒక చక్కటి తేడాను పోగొట్టుకోకుండా మాట్లాడాలని చూశాడు.

మన ఇంగ్లీషు తప్పుల్లో చాలావాటి సంగతి ఇంతే. అవి తెలివితక్కువతనం వల్ల వచ్చినవి కావు, తెలుగు వ్యాకరణం ఇంగ్లీషు మాటల్లోంచి తొంగిచూడటం వల్ల వచ్చినవి. ఇంతవరకు చాలామంది చెప్పేదే. ‘మాతృభాష ప్రభావం’ అని ఒక్క మాటలో తేల్చేసి, పిల్లలు తెలుగు మాట్లాడటం తగ్గిస్తే ఇంగ్లీషు బాగుపడుతుందనే దాకా కొందరు వెళ్తారు. అక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. ఆ తప్పుల్లో ఎక్కువ భాగాన్ని సరిదిద్దే సాధనం కూడా తెలుగులోనే ఉంది.

ఉద్యోగ ఇంటర్వ్యూల్లో తరచూ దొర్లేదీ, ఎదుటివాళ్ళు వెంటనే పట్టుకునేదీ ఒక వాక్యం ఉంది: ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’. ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది ‘సిన్స్’. మూడేళ్ళ నుంచి, 2021 నుంచి, పొద్దున్నుంచి అని తెలుగులో మనం అన్నిటికీ ‘నుంచి’ వాడతాం. ఇంగ్లీషులో మొదలైన సమయం చెబితే ‘సిన్స్’, గడిచిన కాలం చెబితే ‘ఫర్’. ఈ తేడా చెప్పడానికి టీచర్లు ‘పాయింట్ ఆఫ్ టైమ్’, ‘పీరియడ్ ఆఫ్ టైమ్’ అని బోర్డు మీద రాస్తారు. పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో ఖాళీలు పూరిస్తారు, బయటికొచ్చి మళ్ళీ ‘సిన్స్ త్రీ ఇయర్స్’ అంటారు.

తెలుగులో ‘నుంచి’ పక్కనే ఇంకో చిన్న ప్రత్యయం ఉంది: ‘గా’. మూడేళ్ళుగా పనిచేస్తున్నాను, నెలరోజులుగా జ్వరం, చాలాకాలంగా తెలుసు. ఈ ‘గా’ గడిచిన కాలానికే అతుకుతుంది. ‘2021గా పనిచేస్తున్నాను’ అని ఏ తెలుగువాడూ అనడు, ఐదేళ్ళ పిల్లాడైనా అనడు. అంటే ఇంగ్లీషు ‘ఫర్’కూ ‘సిన్స్’కూ ఉన్న తేడా ఆ పిల్లాడి నోట్లో అప్పటికే ఉంది. ‘గా’ పెట్టి చెప్పగలిగితే ‘ఫర్’, ‘గా’ పొసగకపోతే ‘సిన్స్’. ఇంత సులువైన గుర్తు చేతిలో ఉండగా దాన్ని క్లాసులోకి రానివ్వకపోవడం బాధాకరం.

రెండో తప్పు ‘యామ్ వర్కింగ్’. ‘పనిచేస్తున్నాను’ను ఉన్నదున్నట్టు మార్చితే అదే వస్తుంది. కావలసింది ‘హ్యావ్ బీన్ వర్కింగ్’. దీనికీ తెలుగులో దగ్గరి రూపం ఉంది: ‘మూడేళ్ళుగా పనిచేస్తూ వస్తున్నాను’. అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగిన పని అన్న భావం ఆ ‘వస్తున్నాను’లో వినపడుతుంది. ‘హ్యావ్ బీన్’ చేసే పని కూడా అదే.

ఇక ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ సంగతి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళకు వింతగా తోచే వాక్యాల్లో ఇది ముందుంటుంది. తెలుగులో ‘హ్యావ్’కు సరిపడే క్రియ లేదు. ‘నాకు ఇద్దరు అన్నలున్నారు’ అంటాం. వస్తున్నారు, చేస్తున్నారు అన్న మాటల చివర కూడా ‘ఉన్నారు’ అనే వినిపిస్తుంది కాబట్టి, ‘అన్నలున్నారు’ కూడా జరుగుతున్న పనిలాగా తోచి దానికి ‘ఇంగ్’ తగులుకుంటుంది. ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ వాంటింగ్’ లాంటివి కూడా ఇదే దారిలో వస్తాయి.

ఇంగ్లీషు వ్యాకరణాలు ఇలాంటి క్రియలను ‘స్టేటివ్ వెర్బ్స్’ అని పెద్ద జాబితాగా ఇస్తాయి. నో, లైక్, వాంట్, రిమెంబర్, నీడ్, హ్యావ్... వీటికి మామూలుగా ‘ఇంగ్’ చేర్చకూడదు. ఇప్పుడు వాటినే తెలుగులో చెప్పి చూడాలి. నాకు తెలుసు. నాకు ఇష్టం. నాకు కావాలి. నాకు గుర్తుంది. నాకు అవసరం. నాకు ఉంది. అన్నీ ‘నాకు’తోనే మొదలవుతున్నాయి! చేసే పనికి తెలుగు ‘నేను’ వాడుతుంది: నేను తింటాను, నేను రాస్తాను. మనసులోనో చేతిలోనో ఉన్న స్థితికి ‘నాకు’ వాడుతుంది. ఇంగ్లీషు ‘ఇంగ్’ పెట్టి, పెట్టక చూపించే తేడాను తెలుగు నేను, నాకుల మధ్య చూపిస్తోంది. అందుకే తెలుగు వాక్యం ‘నాకు’తో మొదలైతే ఇంగ్లీషులో ‘ఇంగ్’ పెట్టేముందు ఒక్క క్షణం ఆగాలి. ఇది నూటికి నూరుపాళ్ళూ పనిచేసే సూత్రం కాదు. ‘నాకు అర్థమవుతోంది’ అని తెలుగు అంటుంది, అందుకే ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’ అన్న తప్పు వస్తూనే ఉంటుంది. అయినా జాబితా బట్టీ పట్టడం కన్నా ఈ గుర్తు వెయ్యి రెట్లు నయం.

‘డిడ్ నాట్ వెంట్’, ‘డిడ్ నాట్ గాట్’ అన్న తప్పుకు మాత్రం తెలుగును అస్సలు నిందించకూడదు. ఇది ఇంగ్లీషు అరకొరగా నేర్పడం వల్ల వచ్చిన తప్పు. జరిగిపోయిన పని కాబట్టి ‘వెంట్’ అనాలి అని పిల్లాడికి నేర్పారు. కాదు అని చెప్పడానికి ‘డిడ్ నాట్’ అనాలి అనీ నేర్పారు. వాడు రెండూ కలిపేశాడు. తెలుగులో ‘వెళ్ళాడు’కు వ్యతిరేకం ఏమిటి? ‘వెళ్ళలేదు’. ‘వెళ్ళాడులేదు’ కాదు. ‘లేదు’ వచ్చేసరికి జరిగిపోయిన కాలాన్ని చూపే బాధ్యత అది తీసుకుంది, ‘వెళ్ళ’ వట్టిగా మిగిలింది. ‘డిడ్ నాట్ గో’ అచ్చం ఇలాగే నడుస్తుంది. ‘డిడ్’ కాలాన్ని మోస్తుంది, ‘గో’ వట్టిగా ఉంటుంది. ‘వెళ్ళాడులేదు అంటామా?’ అని ఒక్కసారి అడిగితే క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వులోనే పాఠం అర్థమైపోతుంది.

‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ కూడా అలాంటిదే. ‘నా ఫ్రెండ్ ఒకడు’ అని మాట్లాడే అలవాటు అందులో ఉంది. కానీ ‘నా ఫ్రెండ్స్‌లో ఒకడు’ అని కూడా మనమే అంటాం, అక్కడ బహువచనం తప్పదు. ‘వన్ ఆఫ్’ వచ్చినచోట రెండోది తలచుకుంటే సరిపోతుంది.

ఫోన్‌లో ‘ఎక్కడున్నావ్?’ అంటే ‘ఐ యామ్ ఇన్ తిరుపతి ఓన్లీ’ అన్న జవాబు చాలామందికి నవ్వు తెప్పిస్తుంది. ‘తిరుపతిలోనే’ అన్న మాట చివరి ‘ఏ’కు ఇంగ్లీషులో సరైన జోడీ లేక ‘ఓన్లీ’ని తెచ్చి అతికించారు. దీని వల్ల అర్థం పెద్దగా చెడదు కాబట్టి ఇంత గోల అక్కర్లేదు. అలాగే ‘డిస్కస్ అబౌట్’లో ‘అబౌట్’ మన ‘గురించి’. ‘టుడే మార్నింగ్’ మన ‘ఈరోజు పొద్దున’. ‘దిస్ మార్నింగ్’ అంటే బాగుంటుంది, అనకపోయినా లోకం మునిగిపోదు. ‘హెయిర్స్’, ‘లగేజెస్’, ‘ఇన్ఫర్మేషన్స్’ అనడానికి కారణం తెలుగులో అవి వెంట్రుకలు, సామాన్లు, వివరాలు కావడం. కొండ మీద మొక్కుగా ఇచ్చేవి కూడా ‘తలనీలాలు’, బహువచనమే మరి.

క్యూలైన్ అన్న మాట తిరుపతిలో రోజూ వినిపిస్తుంది. పేపర్లలోనూ అదే ఉంటుంది. క్యూ అన్నా లైన్ అన్నా ఒకటే కదా అని తప్పు పట్టేవాళ్ళున్నారు. ఇందులో దిద్దవలసింది ఏమీ లేదు. క్యూలైన్ ఇప్పుడు ఇంగ్లీషు మాట కాదు, బస్సు, రోడ్డు, టెన్షన్‌లాగా తెలుగు మాట. తెలుగు వాక్యంలో తెలుగు మాట్లాడేవాళ్ళు వాడుకునే మాటకు ఇంగ్లీషు వ్యాకరణంతో పని లేదు.

‘కజిన్ బ్రదర్’ మీద వచ్చే ఎగతాళి మరీ అన్యాయం. కజిన్ అంటే చాలు, బ్రదర్ దేనికి అంటారు. ఇంగ్లీషువాళ్ళకు చాలు, వాళ్ళకు పెదనాన్న పిల్లలూ మేనత్త పిల్లలూ ఒకటే. చిత్తూరు జిల్లా పల్లెలో పెదనాన్న కొడుకు అన్న, మేనత్త కొడుకు బావ. అన్నకు రాఖీ కట్టే అమ్మాయికి బావతో పెళ్ళి మాటలు నడవచ్చు. ఈ ఇద్దరినీ ‘మై కజిన్’ అని ఒకే గాటన కట్టేయడం ఆమె వల్ల కాదు. ‘కజిన్ బ్రదర్’ అన్నప్పుడు తను అన్న వరసవాడి గురించి చెబుతున్నానని ఆమె స్పష్టం చేస్తోంది. లండన్ వ్యాకరణంలో ఆ మాటకు చోటు లేకపోవచ్చు, ఇక్కడి కుటుంబంలో అది చేసే పని చాలా ఉంది.

తెలుగుతో సంబంధం లేని తప్పులు, తప్పులుగా కనబడే పాత వాడుకలు కొన్ని ఉన్నాయి. ‘డూ ది నీడ్‌ఫుల్’, ‘ఔట్ ఆఫ్ స్టేషన్’ లాంటివి బ్రిటిష్ కాలపు ఆఫీసుల భాష. చిత్తూరు 1911లో జిల్లా అయినప్పటి నుంచీ కలెక్టరాఫీసు, కోర్టుల చుట్టూ అర్జీలు రాసే చేతులు ఈ భాషను ఒక తరం నుంచి ఇంకో తరానికి అందిస్తూ వచ్చాయి. ఇంగ్లండులో అవి పాతబడి వాడుక తగ్గింది, ఇక్కడ లీవ్ లెటర్లలో నిలిచిపోయింది. ‘ప్రీపోన్’ లాంటి మాట మన దేశంలో వాడుకలోకి వచ్చి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లోకీ ఎక్కింది. వీటిని తప్పులని కొట్టిపారేయడం తొందరపాటు.

ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు చేసే తప్పులు వేరే రకం. ‘కుడ్ హ్యావ్’ బదులు ‘కుడ్ ఆఫ్’ అని రాస్తారు, ‘యు ఆర్’ కుదించి రాయాల్సిన చోట ‘మీ’ అనే అర్థం వచ్చే ‘యువర్’ రాస్తారు. వాళ్ళు చెవితో నేర్చుకున్నారు, రెండూ ఒకేలా వినిపిస్తాయి. తెలుగు పిల్లలు పుస్తకంతో నేర్చుకుంటారు కాబట్టి ‘కుడ్ ఆఫ్’ అని రాసేవాళ్ళు అరుదు. ఈ విషయం మన పిల్లలకు ఎవరూ చెప్పరు, చెబితే కాస్త ధైర్యం వస్తుంది.

వ్యాకరణం మీద చిరాకు కూడా కొత్తది కాదు. వాక్యం చివర ప్రిపొజిషన్ (ఇన్, ఫర్, విత్ లాంటి మాట) ఉండటం తప్పని ఇంగ్లీషు కవి జాన్ డ్రైడన్ 1672లోనే తనకు ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ రచనను తప్పుపట్టాడు. వాక్యం చివర అలా పెట్టే అలవాటు ఈరోజుకీ పోలేదు, ఇంగ్లీషులో అది సహజమే కూడా. 1762లో వ్యాకరణం రాసిన బిషప్ రాబర్ట్ లౌత్‌కు ‘యు వాజ్’ అన్న వాడుక నచ్చలేదు. ఆ కాలంలో చదువుకున్నవాళ్ళు కూడా ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు ‘యు వాజ్’ అనేవాళ్ళు. ‘యు వర్’ అనే రూపమే చివరికి నిలిచింది.

ఇది తెలుగు పిల్లలకు ఆసక్తి కలిగించే విషయం. ఒక్క మనిషికి ‘యు ఆర్’ ఎందుకు, ‘యు ఈజ్’ ఎందుకు కాదు అని ఐదో తరగతి పిల్లాడు అడుగుతాడు. ‘అది అంతే’ అన్న జవాబే చాలాచోట్ల దొరుకుతుంది. నిజానికి ఇంగ్లీషులో ఒకప్పుడు ‘నువ్వు’ ఉండేది, దాన్ని ‘థౌ’ అనేవాళ్ళు. ‘యు’ అంటే ‘మీరు’: ఎక్కువమందికీ, గౌరవించవలసిన ఒక్కరికీ. కాలక్రమంలో అందరినీ ‘మీరు’ అనడం మొదలై ‘నువ్వు’ మామూలు మాటల్లోంచి మాయమైంది. టీచర్‌తో ‘మీరు వస్తున్నారా’ అనే పిల్లాడు ఒక్క మనిషికి బహువచన క్రియ వాడుతున్నాడు. ‘యు ఆర్’లో ఉన్నది అదే ‘మీరు ఉన్నారు’. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

తెలుగు సాయం చేయని చోట్లు లేవా అంటే ఉన్నాయి. ‘ది’ ఎక్కడ పెట్టాలన్నది ఎంత నేర్చినా పూర్తిగా పట్టుబడదు. అయితే దాని మూలం మనకు తెలియనిది కాదు. ‘కుర్చీ తీసుకురా’ అంటే ఏదో ఒక కుర్చీ. ‘కుర్చీని తీసుకురా’ అంటే ఇద్దరికీ తెలిసిన ఫలానా కుర్చీ. ‘ది’ చేసే పనిలో కొంత మన ‘ని’ చేస్తుంది. మొత్తం చేయదు, అక్కడ చదవడం, వినడం తప్ప దారి లేదు. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ అన్న తప్పు కూడా మొండిదే, ఎందుకంటే ‘ఐ సా’కూ ‘ఐ హ్యావ్ సీన్’కూ పుస్తకాల తెలుగులో ‘చూశాను’ ఒక్కటే. అయితే ఇక్కడ చిత్తూరు యాస ఆదుకుంటుంది. ‘మామ వచ్చుండాడు’ అంటే వచ్చాడు, ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు అని. ‘హ్యాజ్ కమ్’కు ఇంతకన్నా మంచి అర్థం ఏ నిఘంటువూ ఇవ్వలేదు. అలాగే ‘చేస్తా ఉండాను’లో ‘చేస్తా’, ‘ఉండాను’ విడివిడిగా నిలబడి ‘యామ్ డూయింగ్’ నిర్మాణాన్ని కళ్ళకు కట్టినట్టు చూపిస్తాయి. పల్లెటూరి యాస అని సిటీ కాలేజీలో చిన్నబుచ్చుకుని దాచుకునే ఆ మాటల్లోనే ఇంగ్లీషు కాలాలను అర్థం చేసుకునే దారి ఉంది.

పక్క జిల్లా కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాసి అచ్చువేయించాడు. ఇంగ్లీషువాళ్ళు తెలుగు నేర్చుకోవడానికి తమ భాషనే మెట్టుగా వేసుకున్నారు. మనం ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు మాత్రం తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడులున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా అచ్చువేసిన పాఠ్యపుస్తకాలు ఇచ్చింది. మీడియం గురించిన వాదం ఎటు తిరిగినా, రెండు భాషలూ పక్కపక్కన కనబడటం మంచి సంగతి. ఆ పద్ధతి ఇంగ్లీషు వ్యాకరణం క్లాసులోకి కూడా రావాలి.

ఏ తప్పును ముందు దిద్దాలి అన్న ప్రశ్నకు, చిరాకు ఎంత తెప్పిస్తోందన్నది కొలత కాకూడదు. అర్థం ఎక్కడ మారుతోందో చూడాలి. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ మనకు మామూలు మాట, టీచర్‌ను అడగాల్సిన ప్రశ్న ఉందని. తెలుగు ‘సందేహం’లో ప్రశ్నా ఉంది, అనుమానమూ ఉంది. అమెరికాలోని మేనేజర్‌కు ఆ మాటలో అనుమానమే ముందు వినిపిస్తుంది, తన మాట నమ్మట్లేదేమో అనుకుంటాడు. అక్కడ ‘క్వశ్చన్’ అనడం నేర్పి తీరాలి. ‘మెంబర్స్’ దిద్దకపోయినా గది దొరుకుతుంది, ‘డౌట్’ దిద్దకపోతే ఒక మనిషి మీద తప్పు అభిప్రాయం ఏర్పడుతుంది.

సమయం చెప్పే మాటలు కూడా ఈ కోవలోకే వస్తాయి. పరీక్షకు వెళ్ళే పిల్లలకు ‘ఎట్ నైన్’, ‘బై నైన్’, ‘టిల్ నైన్’ మధ్య తేడా తెలియకపోతే నష్టం గట్టిదే. తెలుగులో ఇవి మూడూ వేర్వేరుగా, స్పష్టంగా ఉన్నాయి. తొమ్మిదింటికి అంటే ‘ఎట్ నైన్’. తొమ్మిదింటికల్లా అంటే ‘బై నైన్’, ముందే వచ్చినా ఫరవాలేదు, దాటకూడదు. తొమ్మిదింటిదాకా అంటే ‘టిల్ నైన్’. ‘రిపోర్ట్ బై నైన్’ అని రాసి ఉంటే గేటు దగ్గర తొమ్మిదింటికల్లా ఉండాలి. ‘కల్లా’ అన్న ఆ మాటను ఇంట్లో అమ్మ రోజూ అంటూనే ఉంటుంది: ‘చీకటి పడేకల్లా ఇంటికి రా.’